ఆల్చిప్పల తట్ట ఖాళీ అయ్యేదాకా

ఒకినోసె దీవిలో తగాషిరా గారి షెడ్డులో ఆల్చిప్పలు ఒలిచే ఆడవాళ్లు పదిమంది. అందరిలోకీ నెమ్మదిగా ఒలిచేది చిజురు. గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదిది. సాయంత్రం ఎవరు ఒలిచిన మాంసం వాళ్లు బకెట్లో వేసుకుని తూకానికి పట్టుకెళ్తారు. అక్కడి ముల్లు ఎవరి మొహమూ చూసి కదలదు.

సముద్రంలో తెప్పల కింద తీగలకి వేలాడుతూ పెరిగిన చిప్పల్ని తెల్లవారకముందే తెచ్చి బల్లల మీద గుమ్మరిస్తారు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క గుట్ట. ఎడమచేత్తో చిప్ప పట్టుకోవాలి, కుడిచేత్తో కత్తి మొన అంచులో దూర్చాలి, లోపల రెండు రెక్కల్నీ బిగబట్టి ఉంచే కండరాన్ని తెంపాలి. అప్పుడు కటుక్కుమని తెరుచుకుంటుంది. పక్క బల్ల కినుయో ఈ మూడు పనులూ ఒకే ఊపులో చేసేస్తుంది, అదీ ఊళ్లోవాళ్లందరి సంగతులూ చెబుతూ. చిజురు మూడు పనుల్నీ మూడు పనుల్లాగే చేస్తుంది. వాటి మధ్య నాలుగోది ఇంకోటుంది. రబ్బరు ఏప్రను జేబులో ఫోను కదిలిందేమో అని తడుముకోవడం.

కూతురు ఇబుకికి రెండేళ్లు. పిల్లల బడిలో ఉంటుంది. జ్వరం ముప్పై ఏడున్నర డిగ్రీలకి వస్తే బడివాళ్లు ఫోను చేస్తారు, తల్లి వెళ్లి తెచ్చుకోవాలి. పదోవంతు డిగ్రీ తక్కువైతే పిల్ల ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. ఆ పదోవంతులో పిల్ల ఒంట్లో ఏం మారుతుందో ఏ శాస్త్రమూ చెప్పలేదు గానీ, తల్లి రోజు మాత్రం మొత్తం తలకిందులవుతుంది. ఇబుకి ఆ గీతకి అటూ ఇటూ ఊగే పిల్ల. ఒక జలుబు పూర్తిగా వదలకముందే ఇంకో జలుబు వచ్చి గుమ్మంలో నిలబడేది.

"ఏమే చిజురూ, ఆ చిప్పకి కూడా జ్వరం చూస్తున్నావా?" అనేది కినుయో.

"లేదు పిన్నీ, గట్టిగా ఉంది."

"గట్టిగా ఉండక, నిన్ను చూసి నవ్వుతుందా? నువ్వు దాని అనుమతి తీసుకుని తెరుస్తున్నట్టున్నావు."

ఎదటి బల్లవాళ్లు కిసుక్కుమనేవారు. చిజురూ నవ్వేది. నవ్వినంతసేపూ కత్తి ఆగేది.

ఆ షెడ్డులో రెండు పద్ధతులున్నాయి. గోడ మీద ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పరు. ఒకటి, ఒకరి గుట్ట ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుంటే దొంగతనమైనా కావాలి, నీకు చేతకాదు అని మొహం మీద చెప్పడమైనా కావాలి. ఫోను వచ్చి మధ్యలో పరిగెత్తాల్సి వస్తే గుట్ట మీద తడి గోనె కప్పి వెళ్లాలి, మర్నాడు వచ్చి తనే ఒలుచుకోవాలి. రెండోది, ముందు పని అయిపోయినవాళ్లు ఇళ్లకి వెళ్లరు. ఆఖరి మనిషి గుట్ట అయ్యేదాకా ఉంటారు. ఊరికే నిలబడితే తొందరపెట్టినట్టు ఉంటుందని, కడిగిన నేలే మళ్లీ కడుగుతారు, ఉతికిన చేతి తొడుగుల్నే మళ్లీ ఉతుకుతారు. త్వరగా కానీ అని నోరు తెరిచి ఒక్కరూ అనరు. ఆఖరున అయ్యేది రోజూ చిజురే. తొమ్మిదిమంది అలా నిశ్శబ్దంగా మర్యాద చేస్తుంటే వెన్ను మీద ఎండ కాసినట్టుండేది. ఆఖరి చిప్ప పడేసి, వంగి, "మిమ్మల్నందరినీ ఆపేశాను, క్షమించండి" అనేది. "అయ్యో, మాకూ ఇప్పుడే అయింది" అనేవాళ్లు అందరూ. వాళ్ల తొడుగులు అప్పటికి ఆరిపోయి ఉండేవి.

అక్టోబరులో ఒలుపు మొదలైన కొత్తలోనే కినుయో ఒక కబురు చెవిన వేసింది.

"వచ్చే ఏడాది రెండు బల్లలు తీసేస్తాడట ఓనరు. నీళ్లు వేడెక్కి సగం చిప్పలు తీగ మీదే చస్తున్నాయి, ఇంతమంది ఎందుకంటున్నాడు. ఎవర్ని తీసేస్తాడో నన్నడక్కు. నేను చెప్పనని మాటిచ్చాను."

"నన్నేనా పిన్నీ?"

"చెప్పనని మాటిచ్చానన్నానా?" అంది కినుయో, తల మాత్రం పైకీ కిందకీ ఊపుతూ.

పోయేది పని ఒక్కటే అయితే చిజురు అంత భయపడేది కాదు. తల్లికి పని ఉంటేనే పిల్లకి బడిలో చోటు ఉంటుంది. పని పోయిన కొన్నాళ్లకి చోటు పోతుంది, చోటు పోతే ఇంకో పని వెతుక్కోవడానికి పిల్లని చూసేవాళ్లుండరు. మొగుడు కురేలో ఓడలు కట్టే యార్డులో చేస్తాడు, మొదటి ఫెర్రీకి వెళ్లి ఆఖరి ఫెర్రీకి వస్తాడు. అవతలి ఒడ్డున భోజనాల డబ్బాలు కట్టే ఫ్యాక్టరీ ఉంది కానీ, అక్కడ బెల్టు తిరుగుతుంటే మధ్యలో వదిలి పరిగెత్తనివ్వరు. పిల్లకి జ్వరం అంటే కత్తి కింద పెట్టి వెళ్లనిచ్చేది, వెళ్లొచ్చాక వేళాకోళంతో సరిపెట్టేది ఈ దీవి మొత్తంలో ఈ షెడ్డు ఒక్కటే. ఆ బల్ల నిలుపుకోవాలంటే చెయ్యి జోరందుకోవాలి. జోరందుకోవాలని ఆలోచించినకొద్దీ చెయ్యి ఇంకా మందగించేది.

సరిగ్గా అప్పుడే ఊరి మీదకి సంగీతం వచ్చి పడింది.

ఊరి సాంస్కృతిక భవనానికి ముప్పై ఏళ్లు నిండుతున్నాయి. ఏడాదంతా అందులో జరిగేవి పిల్లల పియానో పోటీలూ, ముసలివాళ్లకి ఫ్లూ టీకాలూ. ఈసారి మన సముద్రం మీద మనకంటూ ఒక సంగీతం ఉండాలని మేయరు పట్టుబట్టి టోక్యో నుంచి కుసాకబె మాస్టారుని పిలిపించాడు. వయొలిన్ల బృందం మధ్యలో కోతో తీగలూ, షకుహాచి వేణువూ కలిపి రాయడంలో ఆయన పేరున్నవాడు. అప్పటికే సముద్రం మీద చాలా రాశాడట. ఈత మాత్రం రాదట. ఫెర్రీలో లోపలి గదిలో కళ్లు మూసుకుని కూర్చుని వచ్చాడని టిక్కెట్లు చించే అతను ఊరంతా చెప్పాడు.

కుసాకబె మైకులు పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. ఆ కటుక్కు శబ్దం తన సంగీతంలో కావాలన్నాడు.

"దయచేసి రేడియో ఆపండి. ఎవరూ మాట్లాడకండి. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి."

ఆ షెడ్డులో రేడియో లేకుండా, మాట్లాడకుండా ఏ రోజూ పని జరగలేదు. అయినా పెద్దమనిషి అడిగాడు కదా అని అందరూ పరీక్షకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని, రోజూ చెయ్యనట్టు చేశారు. కుసాకబె కళ్లు మూసుకుని విన్నాడు.

"సముద్రం మాట్లాడుతోంది" అన్నాడు మెల్లిగా.

"రోజూ మాట్లాడేది నేను. నోరు మూసుకోమన్నాడని ఊరుకున్నాను" అంది కినుయో చిజురు చెవిలో.

వేదిక మీద కూర్చుని ఆల్చిప్పలు ఒలవడానికి ఒక మనిషిని పంపమని మేయరు అడిగాడు. కచేరీ డిసెంబరులో. ఏడాది చివర కానుకలకని ఊళ్లో ప్రతి పెట్టెలోకీ ఆల్చిప్పలు వెళ్లే నెల అది. తగాషిరా గారు పదిమందినీ ఒకసారి చూశాడు. కినుయో వెళ్తే రోజుకి ఎన్ని బకెట్లు తగ్గుతాయో ఆయన మొహంలోనే కనిపించింది. చూపు బల్లల వెంట నడుచుకుంటూ వచ్చి చివర్లో ఆగింది.

"చిజురూ, నువ్వెళ్లమ్మా. ఇది చాలా గౌరవం."

"అబ్బో, గౌరవమే!" అన్నారు తొమ్మిదిమందీ. గౌరవం తమ మీద పడనందుకు ఊపిరి పీల్చుకున్నారు.

చిజురుకి అర్థం కాకపోలేదు. డిసెంబరులో వదులుకోగలిగిన మనిషిని వచ్చే అక్టోబరులో పనికి పిలవక్కర్లేదు. ఇంటికెళ్లి మొగుడికి చెబితే, "పోనీలే, బాగా చేస్తే మేయరు ఓనరుకి ఓ మాట చెబుతాడేమో" అన్నాడు. "చెడగొడితే?" అంది. "చెడగొట్టడానికేముంది? నువ్వు చేసేది రోజూ చేసేదేగా." రోజూ చేసేది ఎలా చేస్తుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

సంగీతానికి "వెనక్కి వెళ్లే నీరు" అని పేరు పెట్టారు. ఆటు సమయంలో సముద్రం తీరం వదిలి మెల్లగా దూరం జరగడం అందులో కథ. చివరి భాగంలో వయొలిన్లు ఒక్కొక్కటిగా సద్దు తగ్గిస్తుంటే చిజురు ఒలవడం మొదలుపెట్టాలి. బృంద నాయకుడు చెయ్యి కిందకి దించగానే అందరితో పాటు ఆపాలి. తరవాత ఏమీ వినిపించకూడదు. అంతే.

అభ్యాసాలన్నీ బాగానే సాగాయి. కొత్తగా మెరుగుపెట్టిన చెక్క నేల మీద ఉప్పునీళ్లు పడతాయని భవనంవాళ్లు బెంగపడితే, ముందే తెరిచేసిన ఖాళీ చిప్పలతో చేయించారు. తెరిచిన చిప్పని తెరవడంలో చిజురు కినుయోకి ఏమాత్రం తీసిపోలేదు. నాయకుడు చెయ్యి దించేసరికి తట్ట ఖాళీగా ఉండేది.

కచేరీ ముందురోజు కుసాకబె నిద్రలేని మొహంతో వచ్చి, ఖాళీ చిప్పల్లో ప్రాణం లేదు, నిజమైనవి కావాలన్నాడు. ఆయన అడిగాక కాదనే మనిషి ఊళ్లో లేడు. నిజమైనవైతే తట్టలో కొన్ని తగ్గించాలని చిజురుకి తట్టింది. అంతటి మాస్టారుకి తోచకుండా ఉంటుందా, తను చెబితే బాగుండదని ఊరుకుంది. కుసాకబె ఆల్చిప్పల సంగతి ఒలిచేవాళ్లకి తెలియదా అనుకున్నాడు. ఇక తగాషిరా గారు, షెడ్డు పరువు వేదికెక్కుతోంది, చిన్నవి పంపితే ఏం బాగుంటుందని, తెల్లవారుజామునే తెప్పల దాకా వెళ్లి లోతున వేలాడే ముదురు చిప్పల్ని స్వయంగా ఏరి తట్ట నింపి పెట్టాడు. పద్ధతి ప్రకారం పక్కన రెండు కత్తులు పెట్టాడు, ఒకటి విరిగితే రెండోది. ముగ్గురూ ఒకరినొకరు అంత బాగా గౌరవించుకున్నాక తట్ట ఎలా ఉండాలో అలా ఉంది. శిఖరంలా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భవనం నిండిపోయింది. మూడో వరసలో షెడ్డు ఆడవాళ్లు మంచి బట్టలు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ల వెనక తగాషిరా గారు మేయరు పక్కన. ఇబుకి ఇంట్లో తండ్రి దగ్గర ఉంది, పొద్దున్న ముక్కు కాస్త కారింది. వేదిక ఎక్కేముందు ఫోను ఆపెయ్యమన్నారు. బడిలో చేర్చిన రోజు నుంచీ చిజురు ఫోను ఆపింది అదే మొదటిసారి. ఏప్రను లోపల ఆ జేబు ఉన్నచోట ఏదో పన్ను ఊడినట్టు అనిపించింది.

వయొలిన్లు సద్దు తగ్గించాయి. చిజురు మొదటి చిప్ప అందుకుంది. తట్ట మీద వేలాడుతున్న మైకులోంచి కటుక్కుమని భవనమంతా వినిపించింది. ఎవరో నిట్టూర్చారు. చాలా బాగుంది. రెండోది లోతున పెరిగిన మొండి చిప్ప, ఎంతసేపటికో గానీ తెరుచుకోలేదు. తరవాతవీ అంతే. కత్తి జారితే అరచేతిలో దిగుతుంది కనక షెడ్డులో ఎవరూ చేస్తున్న పని మీంచి కళ్లు ఎత్తరు. చిజురూ ఎత్తలేదు. ఈలోపల వేణువు ఆగింది, కోతో ఆగింది, నాయకుడు చెయ్యి దించాడు.

చిజురు తల ఎత్తేసరికి వేదిక మీద అందరి పనీ అయిపోయి ఉంది. కమాన్లు ఒళ్లో పెట్టుకుని, చూపులు కిందకి దించుకుని, కదలకుండా కూర్చున్నారు. ఆ కూర్చోవడం ఆమెకి రోజూ తెలిసిన కూర్చోవడమే. తట్టలో సగం మిగిలి ఉంది. ఆపాలని నేర్పిన సంగతి ఆ క్షణాన మనసులోకే రాలేదు. ఇంతమందిని ఆపేశాను అన్నది ఒక్కటే వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. త్వరత్వరగా ఇంకోటి అందుకుంది.

కటుక్కు. చాలాసేపటికి ఇంకో కటుక్కు.

నాయకుడు, మాస్టారు రహస్యంగా ఏదో మార్చి ఉంటాడనుకుని, దించిన చెయ్యి మళ్లీ ఎత్తి గాలిలో నిలిపాడు. వాద్యాలవాళ్లు నాయకుడికి తెలుసు కదా అనుకున్నారు. కుసాకబె, ఇది ఈ ఊరి ఆచారమేమో, మధ్యలో ఆపితే అవమానించినట్టవుతుందేమో అని కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. జనంలో సంగీతం తెలిసినవాళ్లు అయిపోలేదని చప్పట్లు కొట్టలేదు, తెలియనివాళ్లు తెలిసినవాళ్లు కొట్టలేదని కొట్టలేదు. ఒకాయన దగ్గి, అటూ ఇటూ తల వంచి క్షమాపణ చెప్పుకున్నాడు. ఐదొందలమంది ఒక మనిషి ఆల్చిప్పలు ఒలవడం ఊపిరి బిగబట్టి చూశారు. ఆమె తొందరపడినకొద్దీ చిప్పలు ఇంకా బిగుసుకున్నాయి.

మూడో వరసలో కినుయో లేచింది.

పక్క మెట్లెక్కి, మెరుగు నేల చూసి, చెప్పులు విప్పి మేజోళ్లతో వేదిక దాటింది. చిజురు పక్కన చతికిలబడి రెండో కత్తి తీసుకుంది.

"జరుగు" అంది గుసగుసగా. మైకు ఆ గుసగుసని ఆఖరి వరస దాకా చేరవేసింది.

"పిన్నీ, మీరు ముట్టుకోకూడదు..."

"తూకం ఎవడు వేస్తాడే ఇక్కడ? జరుగు. ఓనరు మొహం చూశావా, ఉడికిన పీతలా ఉన్నాడు."

"నా వల్ల కావడంలేదు పిన్నీ, ఇవన్నీ మొండివి."

"మొండివి కాక. ఆయన ఏరాడుగా. పరువుకి గట్టి చిప్పలుంటాయి. ఏడవకు, ఉప్పు ఎక్కువవుతుంది."

ఎక్కడో ఒక నవ్వు పుట్టి, మర్యాదగా చచ్చిపోయింది. ఇద్దరూ తలలు దించుకుని ఒలిచారు. ఒక కత్తి పరిగెత్తింది, ఇంకోటి వెనక నడిచింది. తట్ట ఖాళీ అయ్యింది. ఇద్దరూ లేచి, వాద్యాలవాళ్ల వైపు తిరిగి, నడుము వంచారు.

"మిమ్మల్నందరినీ ఆపేశాం. క్షమించండి."

అరవైమంది కళాకారులు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, వంగి ప్రతినమస్కారం చేశారు. అప్పుడు పేలాయి చప్పట్లు.

మర్నాడు పేపర్లో పెద్ద వ్యాసం వచ్చింది. ఆటు ఎవరి కోసమూ తొందరపడదని ఆ ముగింపు మనకి నేర్పిందట. నాయకత్వాన్ని నిరాకరించే ధైర్యం అందులో ఉందట. కుసాకబె మొదట్లో "అనుకోకుండా జరిగింది" అన్నాడు, మూడో ఇంటర్వ్యూకి వచ్చేసరికి "చాలాకాలంగా వెతుకుతున్నాను" అన్నాడు. అచ్చయిన స్వరలిపి చివరి పేజీలో ఇలా చేర్చాడు: తట్ట ఖాళీ అయ్యేదాకా బృందం వేచి ఉండాలి, ఒలిచే మనిషి నెమ్మదిగా ఉండటం తప్పనిసరి, మూడో వరసలోంచి ఒక స్త్రీ లేస్తుంది.

"స్త్రీయట! నాకు పేరు లేదా?" అంది కినుయో.

మేయరు తగాషిరా గారి చేతులు పట్టుకుని, "మీ షెడ్డు ఊరికే షెడ్డు కాదు, సంస్కృతి" అన్నాడు. వసంతంలో రెండు బల్లలు తీసెయ్యాల్సిన రోజు వచ్చింది. సంస్కృతిని ఎలా తీసేస్తాం అనుకున్నాడేమో, ఆ ఏడు ఒక్క బల్లే తీశాడు. అదీ మోకాళ్ల నొప్పులతో తనే మానేసిన ఒక ముసలావిడది. చిజురు బల్లని కిటికీ పక్కకి మార్చాడు, బయటి నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లకి కనిపించేలా. వాళ్ల కోసం ఇంకాస్త నెమ్మదిగా ఒలవమని కూడా చెప్పాడు. నెమ్మదిగా ఉందనే పోవాల్సిన బల్ల, నెమ్మదిగా ఉందనే దక్కింది. చిజురు ఆ రాత్రి ఈ సంగతి మొగుడికి వివరించబోయి మధ్యలో వదిలేసింది.

అయితే ఇలా దక్కిన చోటు ఎన్నాళ్లుంటుందని ఆమె బెంగ ఆమెకి ఉండనే ఉంది. పేపర్లవాళ్లు మర్చిపోతే ఓనరుకి మళ్లీ తూకం గుర్తొస్తుంది.

ఈలోపు ఇబుకికి మూడేళ్లొచ్చాయి. చంటిపిల్లల ఒళ్లు ఊళ్లో తిరిగే ప్రతి క్రిమినీ ఒకసారి పలకరించి, గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి వస్తే గుమ్మంలోనే నిలబెడుతుంది. ఆ పలకరింపులు దాదాపు పూర్తయ్యాయి. అక్టోబరు వచ్చింది, ఫోను మోగలేదు. నవంబరు సగం గడిచింది, ఒక్కసారి మోగింది, అదీ పిల్ల టోపీ మర్చిపోయిందని. జేబు తడుముకోవడం ఎప్పుడు మానేసిందో చిజురుకే తెలియదు. ఒకరోజు ఆఖరి చిప్ప పడేసి, వంగి క్షమాపణ చెప్పబోయి చూస్తే, ఇంకా నలుగురి గుట్టలు మిగిలి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక కడిగిన నేల మళ్లీ కడిగింది.

నవంబరు చివర్లో కుసాకబె వచ్చాడు. "వెనక్కి వెళ్లే నీరు" టోక్యోలో వాయించబోతున్నారు, డిసెంబరులోనే. రేడియో ఆపించి, చిజురు పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. మొహం పాలిపోయింది.

"చిజురు గారూ, ఏమైంది మీకు?"

"ఏమీ కాలేదు మాస్టారూ. పాపకి ఒంట్లో బాగుంది."

"చాలా బాగా ఒలుస్తున్నారు" అన్నాడాయన, ఎవరో పోయినట్టు. "కొంచెం... మునుపటిలా చెయ్యగలరా?"

ప్రయత్నించింది. ప్రతి చిప్ప దగ్గరా కావాలని ఆగింది.

"ఆగినట్టు నటిస్తున్నారు. అప్పట్లో నిజంగా ఆగేవారు."

కుసాకబె బల్లల వెంట మెల్లగా నడిచాడు. చివరి బల్ల దగ్గర రీహో ఉంది. ఒసాకా నుంచి కోడలుగా వచ్చి, అత్తగారి బదులు ఆ ఏడే చేరింది, ఇంట్లో ఎనిమిది నెలల కవలలు. చిప్పలో కత్తి దూర్చి, ఆగి, జేబు తడుముకుని, మళ్లీ దూర్చింది. కటుక్కు. కుసాకబె కళ్లు మూసుకున్నాడు.

"ఈవిడే" అన్నాడు.

చిజురుకి ఒక్క నిమిషం గుండెలో ఏదో చివుక్కుమంది. పేపర్లో తన ఫోటో పక్కన రాసిన మాటలు ఆమెకి ఇప్పటికీ కంఠతా వచ్చు.

"అయితే మూడో వరసలోంచి లేచే ఆవిడగా మీరు రండి" అన్నాడు కుసాకబె ఆమె వైపు తిరిగి. "మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? తగాషిరా గారూ, మూడు రోజులు చాలు."

"నా వేషం అది!" అంది కినుయో. ఎవరూ వినిపించుకోలేదు.

తగాషిరా గారు తూకం బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బకెట్ల వైపు చూశాడు. కినుయో బకెట్ వైపు, దాని పక్కనే ఉన్న చిజురు బకెట్ వైపు. ఎదురుగా ఉన్నది టోక్యో మాస్టారు, కాదనడం కష్టం. ఓనరు మెడ వెనక గోక్కున్నాడు.

"రీహోని తీసుకెళ్లండి మాస్టారూ, అది చాలా గౌరవం. చిజురుని మాత్రం..." అని గొంతు సవరించుకున్నాడు. "డిసెంబరులో చిజురుని వదలడం కుదరదండీ. ఏమీ అనుకోవద్దు."

"అయ్యో" అంది చిజురు, టోక్యో తప్పిపోయినందుకు మర్యాదగా ఎంత బాధపడాలో అంతా మొహంలోకి తెచ్చుకుని. తల దించుకుని తరవాతి చిప్ప అందుకుంది. ఆ పూటంతా కినుయో ఏం చెప్పిందో ఒక్క ముక్క వినలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.